మాటను దిద్దే పని

కన్యాశుల్కం నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో అది అచ్చయింది. ఇవాళ మనం చదువుతున్నది మాత్రం 1909 నాటి రెండో కూర్పు. ఈ రెండింటి మధ్య గురజాడ అప్పారావు ఆ నాటకాన్ని దాదాపు మళ్ళీ రాశారు. ఐదంకాలు ఏడయ్యాయి. మొదట చిన్న పాత్రగా ఉన్న మధురవాణి కథను నడిపించే మనిషైంది. మరుగున పడిన తొలి కూర్పును పరిశోధకులు బంగోరె మళ్ళీ వెలుగులోకి తెచ్చారు కాబట్టి రెండింటినీ పోల్చి చూసే అవకాశం మనకుంది. సంభాషణ రాయడం నేర్చుకోదలచిన వాళ్ళకు అంతకన్నా మంచి బడి లేదు. మంచి మాట తొలి రాతలోనే దొరకనక్కర్లేదనీ, దిద్దుబాటులో దాన్ని రాబట్టవచ్చనీ అక్కడ కళ్ళారా చూస్తాం.

ఆ నాటకంలోని గిరీశం మాటతీరు గమనించండి. శిష్యుడు వెంకటేశం ఎదుట ఇంగ్లీషు దంచుతాడు. అగ్నిహోత్రావధాన్ల దగ్గర వ్యాజ్యం సంగతి ఎత్తి ఆయన్ని మంచి చేసుకుంటాడు. బుచ్చమ్మతో మాట్లాడేటప్పుడు గొంతు మెత్తబడుతుంది. ఎవరి దగ్గర ఏం రాబట్టాలో దాన్నిబట్టి అతని మాట మారిపోతుంది. సంభాషణకు ప్రాణం ఆ అవసరంలోనే ఉంది. ఇక పూటకూళ్ళమ్మ తిట్లు, రామప్పపంతులు గొప్పలు, అసిరి పలుకు చూడండి. పేర్లు చేత్తో మూసి చదివినా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. రాసే ప్రతివాళ్ళూ తమ కథకు పెట్టుకోదగ్గ పరీక్ష అది.

కొత్తగా రాసేవాళ్ళ సంభాషణల్లో తరచుగా కనిపించే లోపం, పాత్రలు పాఠకుడికి సమాచారం అందించడానికే నోరు విప్పడం. ఒక ఉదాహరణ ఊహిద్దాం. పట్నంలో చదువు ముగించుకుని కూతురు ఇంటికొచ్చింది. "నాన్నా, నా చదువు కోసం మన రెండెకరాలూ అమ్మేశారు. అది తలుచుకుంటే నాకెంతో బాధగా ఉంది" అంటుంది. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఆమె తండ్రికే వివరిస్తోంది. దీన్నే ఇలా మార్చి చూడండి:

"అలా చేను దాకా వెళ్ళొస్తా నాన్నా."

"ఎండ మండిపోతోంది. ముందు అన్నం తిను."

చేను ఇప్పుడు తమది కాదన్న సంగతిని అంతకుముందు కథనంలో ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే చాలు. బాధ అన్న మాట ఎక్కడా లేదు. తండ్రి మాట తప్పించాడు. ఆ తప్పించడంలోనే ఇద్దరి బాధా తెలుస్తుంది. అడిగినదానికి నేరుగా జవాబివ్వకపోవడం, వాక్యం సగంలో ఆపడం, మాట మార్చడం మన ఇళ్ళల్లో రోజూ జరిగేవే. కాగితం మీద వాటికి చోటివ్వాలంటే, ముందు రాసుకున్న వివరణలను కొట్టేయాలి. కొట్టేశాక పైకి చదవాలి. నాలుక తడబడిన చోట వాక్యం ఇంకా కుదరలేదన్నమాట.

పక్కవాళ్ళ రచనను దిద్దేటప్పుడు బాధ్యత ఇంకా పెరుగుతుంది. తెలంగాణ పల్లెలోని తల్లి "యాడికి పోతున్నవ్ బిడ్డా" అంటే, దాన్ని "ఎక్కడికి వెళ్తున్నావమ్మా" అని సవరిస్తే ఆ తల్లే కథలోంచి వెళ్ళిపోతుంది. మధ్య కోస్తా జిల్లాల పలుకును ప్రమాణంగా పెట్టుకుని మిగతా యాసలను దిద్దిన కాలం మన పత్రికలకు ఉంది. విశాఖ కోర్టుల చుట్టూ తిరిగే పేదల మాటను రావిశాస్త్రి, చిత్తూరు పల్లె మాటను నామిని సాహిత్యం చేశాక ఆ అలవాటును సమర్థించుకునే వీల్లేదు. ఎడిటర్ తన చెవికి ఇంపైన మాట కోసం వెతకకూడదు. పాత్ర నోటికి సహజమైన మాట ఏదో తెలుసుకోవాలి. తెలియకపోతే రచయితను అడగాలి.

ఈ పనిలో పేరు రాదు, మరి తృప్తి ఎక్కడిది అని చాలామంది అడుగుతారు. కొడవటిగంటి కుటుంబరావు జీవితంలో దానికి జవాబుంది. అప్పటికే పేరున్న కథకుడాయన. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామలో పనిచేశారు. ఎందరో పంపిన కథలను పిల్లలకు అర్థమయ్యే తేట తెలుగులోకి తిరగరాశారు. సంపాదకుడిగా పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. అయినా తరాల తెలుగు పిల్లలకు చదవడం మీద ఇష్టం పుట్టించిన వాక్యాల్లో ఆయన చెయ్యి ఉంది. ఇంతకు మించిన సార్థకత ఏ రచయితకైనా ఏముంటుంది?

రచయిత తన కథను అచ్చులో చూసుకుని "నేను చెప్పాలనుకున్నది సరిగ్గా ఇదే" అనుకున్నప్పుడు ఎడిటర్ పని నెరవేరినట్టు. ఎదుటివాళ్ళ గొంతును శ్రద్ధగా విని, దానికి అడ్డొచ్చేవి తీసేసి, దాన్ని దానిలాగే పలకనివ్వడం గొప్ప విద్య. ఇన్ని ప్రాంతాల, ఇన్ని బతుకుల తెలుగు అచ్చులోకి వస్తున్న ఈ కాలంలో, ఆ విద్య తెలిసినవాళ్ళు ప్రతి పత్రికలోనూ ప్రతి ప్రచురణ సంస్థలోనూ ఉండాలి. రాయాలన్న కోరికతో వచ్చే యువతకు దిద్దడం కూడా నేర్పాలి.