కాటాను ఏమార్చే తీగ

కొంత పనితనాన్ని భూతద్దం పెట్టుకునే చూడాలి. కంప్యూటర్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించి నడిపే ఓవర్‌క్లాకర్లలో చేయి తిరిగినవాడి పాత మదర్‌బోర్డు దొరికితే, ర్యామ్ స్లాట్ల చుట్టుపక్కల వెతకండి. ఒక బుల్లి చిప్, దాని ఒకే ఒక్క కాలికి పావు మిల్లీమీటరు మందం తీగ. టంకం చుక్క ఆవగింజంత. మెరుస్తుంది, పక్క కాలి వైపు ఒలకదు. తీగ బోర్డుని అంటిపెట్టుకుని పాకి, అంచున జిగురుతో నిలిపిన నీలం డబ్బీలోకి చేరుతుంది. డబ్బీ నెత్తిన ఒక మర. ఆ మరను తిప్పితే, బోర్డు కంపెనీ ఇవ్వనన్న వోల్టేజి ర్యామ్‌కి అందుతుంది. దీన్నే వోల్ట్ మాడ్ అంటారు. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని పని ఇది.

ఇంత కష్టం దేనికంటే, విన్‌బాండ్ బీహెచ్-5 మెమరీ చిప్పుల కోసం. డీడీఆర్ మెమరీకి రాసిపెట్టింది 2.5 వోల్టులు, డీడీఆర్-400కి 2.6. బీహెచ్-5కి అది ఫలహారానికీ చాలదు, దానిది కుంభకర్ణుడి ఆకలి. 3.3, 3.5 వోల్టులు పెడితే 2-2-2 టైమింగ్ (పిలిస్తే పలకడానికి పట్టే సైకిళ్లు) సడలకుండానే 250 మెగాహెర్ట్జ్ దాకా పరుగెత్తేది. ఆ రోజుల్లో మా అందరి కలల బోర్డు ఆబిట్ ఎన్ఎఫ్7-ఎస్. దాని బయోస్‌లో మెమరీకి దొరికేది 2.9 వోల్టులే. మిగతాది చేతులతో సంపాదించుకోవాల్సిందే. శామ్‌సంగ్ టీసీసీడీ చిప్పుల అభిమానులు తక్కువ వోల్టేజితోనే ఎక్కువ మెగాహెర్ట్జ్ వస్తుందని వాదించేవారు. నిజమే, కానీ టైమింగ్ వదులు చేసుకుని పరుగెత్తడం మాకు పరుగనిపించలేదు. మాది బీహెచ్-5 పక్షం, ఈరోజుకీ.

ఇక కిటుకు. కిరాణా కొట్లో కాటా ఒక పక్క తూనికరాయి పెట్టి, రెండో పక్క సరుకు పోస్తారు. సమానమయ్యేదాకా పోస్తూనే ఉంటారు. తీగ అతికించిన ఆ బుల్లి రెగ్యులేటర్ చిప్ చేసేదీ అదే. దాని కడుపులో కదలని తూనికరాయి ఒకటుంది, అదే రిఫరెన్స్ వోల్టేజి. బయటికి పోయే వోల్టేజిని రెండు రెసిస్టర్లు పంచి, ఒక వాటాను ఫీడ్‌బ్యాక్ కాలికి చూపిస్తాయి. ఆ వాటా రాయితో సరితూగేదాకా చిప్ పోస్తుంది. రిఫరెన్స్ 1.25 వోల్టులు, రెసిస్టర్లు చెరో 1,000 ఓమ్‌లు అనుకుందాం. సగం వాటా కాబట్టి బయటికి 2.5 వోల్టులు వస్తాయి. ఇప్పుడు ఫీడ్‌బ్యాక్ కాలి నుంచి గ్రౌండ్‌కి ఒక మల్టీటర్న్ ప్రీసెట్ (మర తిప్పి ఓమ్‌లు మార్చుకునే ఆ నీలం డబ్బీ) కలిపామంటే కింది రెసిస్టర్‌కి తోడు ఇంకో దారి తెరిచినట్టే. చిప్‌కి కనిపించే వాటా తగ్గుతుంది. తూకం తక్కువైందనుకుని పాపం ఇంకాస్త పోస్తుంది. దొంగ కాటాతో కొనేవాణ్ణి మోసం చేయడం అందరికీ తెలిసిందే, ఇక్కడ మోసపోయేది అమ్మేవాడు!

ప్రీసెట్ 20,000 ఓమ్‌ల దగ్గరుంటే మన లెక్కలో వచ్చేది 2.56 వోల్టులు. 5,000కి దింపితే 2.75. సుమారు 1,560కి దింపితే 3.3. చూడండి, మొదటి 15,000 ఓమ్‌లు దిగినా పెరిగింది 0.2 వోల్టు కూడా కాదు, ఆ తర్వాతి మూడున్నర వేలకి అర వోల్టు పైనే ఎగబాకింది. చివరి చుట్ల దగ్గరే చేతివాటం బయటపడుతుంది. తెలిసినవాడు మీటరు మీద కన్ను పెట్టి, మరను గోరంత తిప్పి ఆగుతాడు. తెలియనివాడు ఇంకో చుట్టు తిప్పుతాడు.

పనివాణ్ణి గుర్తుపట్టే ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. అతికించే ముందే ఆ కాలికీ గ్రౌండ్‌కీ మధ్య ఎన్ని ఓమ్‌లున్నాయో కొలుస్తాడు. దానికి ఇరవై రెట్ల ప్రీసెట్ తెచ్చుకుని, గరిష్ఠానికి తిప్పి మళ్లీ కొలిచి, అప్పుడే ఐరన్ వేడెక్కిస్తాడు. మెమరీ వోల్టేజి పెరిగినప్పుడు, అందులో సగం ఉండాల్సిన టెర్మినేషన్ వోల్టేజి కూడా వెంట వస్తోందా అని చూస్తాడు. వేడెక్కే మాస్‌ఫెట్‌కి చిన్న హీట్‌సింక్ తొడుగుతాడు. తీగ విప్పేస్తే బోర్డు మళ్లీ కన్నెపిల్లలా ఉండాలి, అదీ అసలు గీటురాయి. రెసిస్టర్ మీద పెన్సిల్ రుద్ది వోల్టేజి పెంచే చిట్కా ఒకటుంది. ఓనమాలకి పనికొస్తుంది, కానీ గ్రాఫైట్ రాలితే లెక్క మారిపోతుంది.

ఇవన్నీ నాకు పుట్టుకతో రాలేదు. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న ప్రీసెట్‌ని ఓ రాత్రి కొలవకుండానే అతికించాను. స్విచ్ వేయగానే కమురు వాసన. రెండు ర్యామ్ స్టిక్కులూ పోయాయి. ఆ వాసన నేర్పిన పాఠం ఏ డేటాషీటూ నేర్పలేదు.

మహానుభావుల సంగతి చెప్పకుండా ఎలా? షామినోగా పేరుపడ్డ సింగపూర్ వాసి పీటర్ టాన్, కొత్త బోర్డు చేతికొస్తే దాని గుట్టంతా విప్పి నలుగురికీ పంచినవాడు. టిన్ అనే ఇల్యా త్సెమెంకో తీగలు పరిచిన తీరు చూస్తే మా అమ్మమ్మ ముగ్గు గుర్తొస్తుంది, ఎక్కడా చేయి వణికిన జాడ ఉండదు. అందరికంటే గొప్పవాడిగా నేను మొక్కేది ఆస్కార్ వూకి. ఆబిట్‌లో ఉండి ఎన్ఎఫ్7ని తీర్చిదిద్దిన ఇంజనీరు ఆయన. తర్వాత డీఎఫ్‌ఐ అనే మరో బోర్డు కంపెనీకి వెళ్లి, 2005లో వచ్చిన లాన్‌పార్టీ ఎన్ఎఫ్4 బోర్డులో ఒక్క జంపర్ మారిస్తే మెమరీకి 4 వోల్టుల దాకా అందేలా చేశాడు. మేం దొంగచాటుగా చేసే పనికి కంపెనీయే పీట వేసింది. ఈ విద్యకి అంతకు మించిన సన్మానం లేదు. తీగ అవసరం తగ్గడం మొదలైంది కూడా అక్కడే.

ఆ తర్వాత అంతా దిగుడే. ఇంటెల్ కూడా మెమరీ కంట్రోలర్‌ని ప్రాసెసర్ లోపలికి చేర్చింది. ఇక వోల్టేజి మితిమీరితే పోయేది ర్యామ్ ఒక్కటే కాదు. 2008లో వచ్చిన కోర్ ఐ7కి మెమరీ వోల్టేజి 1.65 దాటనివ్వొద్దని ఇంటెలే చెప్పింది. ఆబిట్ ఆ ఏడాది చివరితో మూతపడింది. డీడీఆర్5లో రెగ్యులేటర్ బోర్డుని వదిలి ఏకంగా స్టిక్కు మీదికే వెళ్లింది. చాలావాటికి 1.435 వోల్టుల దగ్గర తాళం.

ఇదంతా సాంకేతికత మార్పు, సరే. నా కడుపు మండేది వేరే చోట. మామూలు చిప్పులకి దళసరి రేకు తొడిగి, పెళ్లి పందిట్లోలా రంగుల దీపాలు వెలిగించి, దాన్ని ‘ఎక్స్‌ట్రీమ్’ అని అమ్ముతారు. రేకు కింద ఉన్న చిప్ పేరైనా చెప్పరు. పాత సామాను అమ్మేవాళ్లలో కొందరు ఏదో స్టిక్కు చూపించి బీహెచ్-5 అంటారు. రేకు విప్పి చూపించమంటే మొహం చాటేస్తారు. వేగం పెరిగిందంటారా? 250 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు సైకిళ్లంటే 8 నానోసెకన్లు. ఇప్పటి డీడీఆర్5-6000, 30 సైకిళ్లతో, తీసుకునేది 10. మోసే బరువులో ఇవాళ్టిది ఎన్నో రెట్లు ఎక్కువే, కాదనను. కానీ పిలిస్తే పలకడంలో మా ముసలిదే ముందు.

సికింద్రాబాద్ చెనోయ్ ట్రేడ్ సెంటర్‌లో చిప్ లెవెల్ రిపేర్లు చేసే కుర్రాళ్ల చేతులు చూశాను. ఈ తీగ అతికించడం వాళ్లకి నల్లేరు మీద బండి నడక. ఎందుకు అతికించాలో చెప్పేవాళ్లే కరువు. మీ అటక మీద అలాంటి బోర్డుంటే, ఒక ప్రీసెట్‌తో పాటు పట్టుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టండి. ఆ తీగ ఎంతటి కాటానైనా ఏమార్చింది గానీ, కిలోల్లెక్కన తూచే పాత సామాన్లవాడి కాటా ముందు మాత్రం దానికి విలువ లేదు.