కొండెక్కడం నేర్చుకున్న విద్యే: ‘పూర్ణ’ సినిమా చూశాక

మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టి గురుకులంలో చదువుకున్న లంబాడా బిడ్డ. ఆమె కథను రాహుల్ బోస్ 2017లో హిందీలో ‘పూర్ణ’ సినిమాగా తీశారు. మేము దాన్ని మా హాస్టల్ పిల్లలతో కలిసి చూశాం.

మెచ్చుకోవలసింది చాలా ఉంది. పూర్ణగా వేసిన అదితి ఇనామ్‌దార్ నటిస్తున్నట్టే అనిపించదు. అక్క వరసైన ప్రియకు చిన్న వయసులో పెళ్లి చేసే చోట మా ఆడపిల్లలు కదలకుండా కూర్చున్నారు. అది వాళ్లకు తెలిసిన కథే.

మా పేచీ మరొకచోట. ధైర్యానికి హద్దు లేదన్నది ఈ సినిమా తన పేరు పక్కన పెట్టుకున్న మాట. అందుకే ధైర్యం దగ్గర నిలిచినంతసేపు చదువు దగ్గర నిలవదు. పూర్ణ ముందు భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్‌లో, ఆ తర్వాత లడఖ్ చలిలో శిక్షణ పొందింది. తెర మీద ఇది త్వరత్వరగా దాటిపోతుంది. సినిమా అయ్యాక ఏడో తరగతి పాప అడిగింది: “సార్, ఆమె జారితే కింద తాడు ఎవరు పట్టుకుంటరు?”

అసలు పాఠం ఆ ప్రశ్నలోనే ఉంది. బండ మీద రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు గట్టిగా ఆనుకున్నాకే నాలుగోది కదపాలి. నడుముకు కట్టిన తాడుకు 8 అంకె ఆకారంలో ముడి వేసి, తోటివారితో సరిచూపించుకోవాలి. కింద తాడు పట్టినవారు చూపు తిప్పకూడదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచనవుతుంది. అందుకే పగలు పైకెక్కి, రాత్రికి కిందికి దిగి పడుకుంటూ ఒంటిని అలవాటు చేయాలి. ఇవేవీ పుట్టుకతో రావు.

మా బడికి వచ్చిన ఒక పెద్దమనిషి, “మీ పిల్లలకు కొండలెక్కడం నేర్పక్కర్లేదు, రక్తంలోనే ఉంది” అన్నాడు. పొగడ్తే అనుకున్నాం. తర్వాత ఆలోచిస్తే భయం వేసింది. కొండ రక్తంలో ఉందన్న నోరే రేపు లెక్కలు రక్తంలో లేవంటుంది. రెండు మాటలకూ అర్థం ఒకటే: వీళ్లకు గురువు అక్కర్లేదని. తేనెకు పోయే మన పెద్దలు కూడా తీగతాడును లాగి చూసుకోనిదే బండ దిగరు. అదీ పెద్దల వెంట తిరిగి నేర్చుకున్నదే.

డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. అక్కడ శిక్షణ బాధ్యత మొదట చూసింది టెన్జింగ్ నార్గే. ఆయన 1952లో ఎవరెస్టు మీద 8,500 మీటర్లు దాటాక వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడాది శిఖరం ఎక్కాడు. ధైర్యానికి హద్దు లేకపోవచ్చు, ఒంటికి ఉంది. ఆ హద్దు తెలుసుకోవడం పిరికితనం కాదు, విద్య.

తోటి ఉపాధ్యాయులారా, ఈ సినిమా తప్పక చూపించండి. చూపించాక ఇంకో గంట ఉంచుకోండి. మేము బావి తాడు తెచ్చి వరండాలో 8 ముడి వేయించాం. బండెక్కడం మాత్రం శిక్షకుడు లేకుండా వద్దన్నాం. ప్రశ్న అడిగిన పాప ముడి మూడుసార్లు తప్పింది. నాలుగోసారి కుదిరింది.