అప్పగించడం తెలిసినవాళ్లు

డెబియన్‌కు ఒక రాజ్యాంగం ఉంది. 1998లో రాసుకున్నారు. అందులో దాదాపు మొదట్లోనే వచ్చే నియమం సారాంశం ఇది: ఇక్కడ ఎవరూ ఏ పనీ చేసి తీరాలన్న నిర్బంధం లేదు. అప్పగించిన పని చెయ్యాలని లేకపోతే మానుకోవచ్చు. సవ్యంగా జరిగిన నిర్ణయాలకు మాత్రం అడ్డుపడకూడదు.

ఇలా రాసుకున్నవాళ్లు చేసేది చిన్న పనేం కాదు. కంప్యూటర్ మీట నొక్కినప్పటి నుంచి ఆపేదాకా దాన్ని నడిపించే పూర్తి వ్యవస్థను, లైనక్స్ ఆధారంగా తయారుచేసి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఉచితంగా ఇస్తారు. డెబియన్‌కు యజమాని లేడు. ఎవరికీ జీతం ఇవ్వదు. ఓటు హక్కున్న డెవలపర్లు సుమారు 1,000 మంది, వాళ్ల చుట్టూ ఇంకెందరో. మరో లైనక్స్ వ్యవస్థ ఉబుంటు పుట్టింది డెబియన్‌లోంచే. బడిపిల్లలు ప్రయోగాలు చేసుకునే రాస్ప్‌బెర్రీ పై వ్యవస్థకూ పునాది అదే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో లాప్‌టాప్‌లను 2013లో విండోస్ నుంచి డెబియన్‌కు మార్చారు. ఈ కాలమ్ కూడా ఏళ్లుగా దాని మీదే రాస్తున్నాను. సాయంత్రం వీలు చిక్కితే దాని సందేశాల తెలుగు అనువాదాలు తిరగేస్తుంటాను.

ఎవరి మీదా నిర్బంధం లేని చోట పని ఎలా సాగుతుంది? నాకు తెలిసిన స్వచ్ఛంద సంస్థల్లో అది సాగలేదు. మా ఊళ్లో కుర్రాళ్లం చందాలు వేసుకుని గ్రంథాలయం పెట్టాం. కొన్నేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. కార్యదర్శికి పట్నంలో ఉద్యోగం వచ్చింది, గ్రంథాలయం మూతబడింది. ఆయన అందరికంటే ఎక్కువ కష్టపడ్డ మనిషి. అందుకే తాళంచెవి, చందాల లెక్క, ఏ పుస్తకం ఎవరింట్లో ఉందన్న జ్ఞాపకం అన్నీ ఆయన దగ్గరే ఉండిపోయాయి. పనిచేయనివాళ్ల వల్ల సంస్థలు పోవడం నేను పెద్దగా చూడలేదు. బాగా పనిచేసే ఒక్కడు వెళ్లిపోతే పోవడమే చూశాను.

డెబియన్‌ను 1993 ఆగస్టు 16న ప్రకటించిన ఇయన్ మర్డాక్ అప్పటికి అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం విద్యార్థి. 1996లోనే ఆయన నాయకత్వం వదులుకున్నాడు. బ్రూస్ పెరెన్స్ అందుకున్నాడు. తర్వాత రాజ్యాంగం వచ్చింది. 1999 నుంచి నాయకుడికి ఏటా ఎన్నిక జరుగుతోంది. మర్డాక్ 2015 డిసెంబరులో చనిపోయేనాటికి డెబియన్ ఆయన లేకుండా దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది. 2019లో అయితే ఎన్నిక ప్రకటిస్తే గడువులోగా ఒక్కరూ నామినేషన్ వెయ్యలేదు. మన దగ్గరైతే ఆ వారం ఎంత గగ్గోలు పుట్టేదో. అలాంటి రోజు వస్తుందని వాళ్లు ముందే ఊహించి రాసుకున్నారు: గడువు మరో వారం పొడిగించాలి. పొడిగించారు, అభ్యర్థులు వచ్చారు. నాయకుడు అసలే లేని రోజుల్లో ఎవరి సంతకంతో పని నడవాలో కూడా ఆ రాజ్యాంగంలో ఉంది.

అసలు విశేషం నాయకుల దగ్గర లేదు, ప్యాకేజీల దగ్గర ఉంది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ ట్రిక్సీలో దాదాపు 70,000 ప్యాకేజీలున్నాయి. ఆ ప్రోగ్రాములను రాసినవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో, చాలామందికి ఒకరికొకరు తెలియదు. ఒకదానికి మరొకటి అడ్డు రాకుండా అన్నీ ఒకే కంప్యూటర్‌లో ఇమిడేలా చూసేవారే మెయింటెయినర్లు. మూల రచయిత కొత్త వెర్షన్ ఇచ్చినప్పుడు దాన్ని తెచ్చి కట్టాలి. వాడేవాళ్లు బగ్ ఉందని రాస్తే అది నిజమో కాదో చూసి, తనకు చేతనైతే సరిచేసి, ఆ సవరణను రచయితకు పంపాలి. ఏ ఫైలు ఎవరిది, ఏ షరతుల మీద ఇచ్చారు అన్నది విడివిడిగా రాసిపెట్టాలి. కొత్త ప్యాకేజీ అయితే ఆ షరతులన్నీ మరో బృందం మళ్లీ చదివి ఒప్పుకుంటేనే లోపలికి వస్తుంది. సృష్టించినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. ఒకరు కన్నదాన్ని ఇలా సాకే మనిషి పేరు తెరమీద ఎక్కడా కనబడదు. రాయడం కంటే ఇది తక్కువ విద్య అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మరి ఆ మనిషికి పిల్లలు పుడతారు, ఉద్యోగం మారుతుంది, విసుగొస్తుంది. అప్పుడేం చెయ్యాలన్నదాన్ని డెబియన్ వాళ్లు ఎంత శ్రద్ధగా ఆలోచించారో చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఒంటరిగా మోయలేకపోతే సాయం కావాలని ప్రకటించవచ్చు. ఎవరైనా దత్తత తీసుకుంటే ఇచ్చేస్తానని చెప్పవచ్చు. ఇక నావల్ల కాదంటే ప్యాకేజీని అనాథగా ప్రకటించవచ్చు. ఈ జాబితా అంతా బహిరంగం. ఎవరు దేన్ని ఎందుకు వదిలారో, ఎవరు అందుకున్నారో అందరూ చూడొచ్చు. చెప్పకుండా మాయమైనవాళ్ల కోసం కూడా ఒక బృందం ఉంది. వాళ్లు ఉత్తరం రాస్తారు. బాగున్నారా, ఈ ప్యాకేజీలు మీరే చూసుకుంటారా, లేక ఎవరికైనా ఇద్దామా అని అడుగుతారు. జవాబు రాకపోతే కొంతకాలం ఆగి మళ్లీ రాస్తారు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతేనే ఆ ప్యాకేజీలను వేరేవాళ్లకు తెరుస్తారు. పద్ధతిగా చెప్పి తప్పుకున్న డెవలపర్‌కు గౌరవ విశ్రాంతి హోదా ఇస్తారు. తిరిగి రావాలనిపిస్తే మొదటి పరీక్షలన్నీ మళ్లీ రాయనక్కర్లేదు.

వెళ్లిపోయేవాడికి ఇంత మర్యాద ఎందుకని అడగొచ్చు. సిగ్గుపడకుండా వెళ్లే దారి లేకపోతే మనిషి వెళ్లడు, పనీ చెయ్యడు. తాళంచెవి జేబులో పెట్టుకుని కూర్చుంటాడు.

అయితే అప్పగింతలో పెద్ద ప్రమాదమూ ఉంది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాం ఫైళ్లను కుదించి పెడుతుంది. ఇది డెబియన్ వాళ్లు రాసింది కాదు, బయటిది. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒకే మనిషి, జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. 2022లో తన మానసిక ఆరోగ్యం బాగా లేదని, ఇది డబ్బు రాని అభిరుచి పని అని ఆయన బాహాటంగానే చెప్పుకున్నాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు పని ఆలస్యమవుతోందంటూ, వేరేవాళ్లకు ఇచ్చేయమంటూ ఆయన మీద ఒత్తిడి పెట్టారు. అదే సమయంలో జియా టాన్ అన్న పేరుతో ఒకరు ఓపికగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, చివరికి అధికారం అందుకుని, 2024 ఫిబ్రవరిలో అందులో దొంగదారి పెట్టారు. ఆ పేరు వెనక ఎవరున్నారన్నది ఇప్పటికీ తేలలేదు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ ఇంజనీరు. ఆయన వాడుతున్నది డెబియన్‌లో అన్నిటికంటే కొత్త సరుకు దొరికే అన్‌స్టేబుల్ శాఖ. దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించేటప్పుడు మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ పోయి, మార్చి 29న బయటపెట్టాడు. ఆ దొంగదారి పనిచేయడానికి వీలు కల్పించిన అతుకు డెబియన్, మరికొన్ని లైనక్స్ డిస్ట్రిబ్యూషన్లు తమ అవసరం కోసం వేసుకున్నదే. దాన్ని దాచిపెట్టి వాళ్లను పొగడలేను. కానీ ఆ విషం అన్‌స్టేబుల్, టెస్టింగ్ శాఖలు దాటి స్టేబుల్ దాకా రాలేదు. డెబియన్‌లో కొత్తది ఏదైనా ముందు అన్‌స్టేబుల్‌లో పడుతుంది. అక్కడ పెద్ద బగ్గులేవీ బయటపడకపోతే కొద్ది రోజులకు టెస్టింగ్‌లోకి, నెలల తరబడి మార్పులు ఆపి సరిచేశాక రెండేళ్లకోసారి స్టేబుల్‌లోకి వెళుతుంది. విడుదలలకు టాయ్ స్టోరీ సినిమా బొమ్మల పేర్లు పెడతారు. అన్‌స్టేబుల్‌కు మాత్రం ఎప్పుడూ సిడ్ అనే పేరే, ఆ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడిది. డెబియన్‌లో ఎప్పుడూ పాత సరుకే ఉంటుందని నా మిత్రులు విసుక్కుంటారు. ఆ పాతదనమే 2024లో కోట్ల యంత్రాలకు రక్ష అయింది.

డెబియన్‌లో డెవలపర్ కావడం అందుకే సులువు కాదు. ముందు కొంతకాలం పని చేసి చూపించాలి. ఆ పని చూసిన డెవలపర్ ఎవరైనా సిఫారసు చెయ్యాలి. సిద్ధాంతాల మీద, నైపుణ్యం మీద ప్రశ్నలుంటాయి. సంతకానికి వాడే డిజిటల్ తాళం ఈ మనిషిదేనని ఇప్పటికే లోపలున్న డెవలపర్లు ధ్రువీకరించాలి. దానికి ఎదురెదురుగా కలిసి, గుర్తింపు కార్డు చూపించుకోవడం ఆనవాయితీ. తెరల వెనక బతికే ఈ జనం ఏటా ఒక చోట చేరడానికి అదొక కారణం. 2023 సెప్టెంబరులో ఆ సమావేశం మన పక్కనే, కొచ్చిలో జరిగింది.

డబ్బుతో ఈ చిక్కులన్నీ తీరతాయా? 2006లో ఒక ప్రయత్నం జరిగింది. విడుదల త్వరగా రావాలని డంక్ ట్యాంక్ పేరుతో విరాళాలు సేకరించి ఇద్దరు విడుదల నిర్వాహకులకు కొన్నాళ్లు డబ్బిచ్చారు. పక్కనే కూర్చుని ఉచితంగా చేసేవాళ్లలో కొందరికి అది తగిలింది. ఎచ్ అనే ఆ విడుదల అనుకున్నట్టు డిసెంబరులో రాలేదు, 2007 ఏప్రిల్‌లో వచ్చింది. డబ్బు తీసుకోవడం తప్పని నేననను. కానీ ఏ పనికి ఎవరికి ఇవ్వాలన్నది అందరూ కలిసి తేల్చుకోకముందే ఇస్తే, ఇవ్వనివాళ్ల పనికి విలువ లేదని చెప్పినట్టవుతుంది.

ఎవరు వెళ్లిపోయినా పని ఆగకూడదన్న తీరు బొమ్మల విషయంలోనూ ఉంది. ప్రతి విడుదలకూ తెర వెనక చిత్రం, లాగిన్ పేజీ, ఇన్‌స్టాలర్ పైపట్టీ కలిపి ఒక కొత్త రూపం ఉంటుంది. ఎవరైనా గీసి పంపవచ్చు, ఎంపిక ఓట్లతో జరుగుతుంది. జూలియెట్ టాకా గీసినవి ఒకటికి నాలుగుసార్లు గెలిచాయి. 2023 నాటి బుక్‌వర్మ్‌కు ఆమె చేసిన ఎమరాల్డ్ నాకు చాలా ఇష్టం. అందమైన బొమ్మ పంపితే చాలదు, మరొకరు తెరిచి మార్చుకోగలిగే మూల ఫైలు కూడా ఇవ్వాలి. రంగు మార్చాలంటే చిత్రకారిణి కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఇక తెలుగు సంగతి. 2011లో వచ్చిన స్క్వీజ్‌తో డెబియన్ ఇన్‌స్టాలర్‌లోకి తెలుగు వచ్చింది. కన్నడం, సింహళం, లావో కూడా అప్పుడే చేరాయి. నాలుగూ బొమ్మల ఇన్‌స్టాలర్‌లోనే కనిపిస్తాయి, ఉత్త అక్షరాల తెరలో కనిపించవు. గుణింతాలూ ఒత్తులూ ఒకదాని కింద ఒకటి కూర్చే శక్తి ఆ తెరకు లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు కూడా ప్యాకేజీగా ఉన్నాయి. వాటినీ ఎవరో ఒకరు సాకుతూనే ఉన్నారు.

అనువాదం ఒకసారి చేస్తే అయిపోయేది కాదు. ప్రతి విడుదలకూ కొన్ని వాక్యాలు మారతాయి, కొన్ని కొత్తవి చేరతాయి. మరీ వెనకబడిన భాషను ఇన్‌స్టాలర్ జాబితా నుంచి తీసేసే పద్ధతీ ఉంది. ట్రిక్సీ తర్వాత రాబోయే ఫోర్కీ విడుదలకూ ఈ పని మళ్లీ చెయ్యాలి. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఈ పని చెయ్యొచ్చు. డిస్కును ముక్కలు చెయ్యడమంటే ఏమిటో తెలిసి, దాన్ని ఇంట్లో అమ్మకు అర్థమయ్యే తెలుగులో చెప్పగలిగితే చాలు. అనువాద ఫైలు మొదట్లో చివరి అనువాదకుల పేరు రాసే వరుస ఒకటి ఉంటుంది. అంతకుముందు చేసినవాళ్ల పేర్లను దాని పైన వ్యాఖ్యగా ఉంచుతారు. ఈ వారం మీకు ఒక గంట తీరిక దొరికితే ఆ ఫైలు తెరిచి, ఇంకా ఇంగ్లిష్‌లోనే మిగిలిన వాక్యాలు ఏవో చూడండి.