మడ్డి మీద మగ్గే వైన్ – మస్కడే

ఫ్రాన్స్ పడమటి అంచున, ల్వార్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే ప్రాంతంలో, నాంత్ నగరం చుట్టుపక్కల తయారయ్యే తెల్ల వైన్ మస్కడే. పేరు వింటే మస్కట్ ద్రాక్ష గుర్తొస్తుంది గాని రెండింటికీ చుట్టరికం లేదు. దీని ద్రాక్ష మెలోన్ ద బుర్గోన్. పేరే చెబుతున్నట్టు అది బుర్గుండీ నుంచి వలస వచ్చింది. 1709 నాటి భయంకరమైన చలికి నాంత్ తోటలు చాలావరకు నాశనమయ్యాక, చలిని ఓర్చుకోగల ఈ తీగను అక్కడ విరివిగా నాటారు. బట్టీ పెట్టి బ్రాందీ తీయడానికి తేలికపాటి తెల్ల వైన్ కోసం వెతికే డచ్ వర్తకులూ దీన్ని ప్రోత్సహించారు.

మెలోన్ సువాసనలు గుప్పించే ద్రాక్ష కాదు. నిమ్మ, పచ్చి ఆపిల్ వంటి పులుపు, వెనక సన్నని ఉప్పదనం, అంతే. ఇంత నెమ్మదైన ద్రాక్షకు రుచి తెచ్చిపెట్టింది నాంత్ రైతుల ఓపిక. ద్రాక్షరసం పులిసి వైన్ అయ్యాక, పని ముగించిన ఈస్ట్ చనిపోయి తొట్టి అడుగున మడ్డిగా పేరుకుంటుంది. మామూలుగా తేట వైన్‌ను వేరే తొట్టిలోకి వంచి ఆ మడ్డిని పారేస్తారు. ఇక్కడ వంచరు. చలికాలమంతా వైన్ ఆ మడ్డి మీదే కదలకుండా ఉంటుంది. ఫ్రెంచివారు ఈ పద్ధతిని ‘సుర్ లీ’ అంటారు, అంటే ‘మడ్డి మీద’ అని. ఇంట్లో పెళ్లి కోసం మంచి పీపా ఒకటి విడిగా దాచే అలవాటు నుంచి ఇది పుట్టిందని అక్కడివారు చెప్పుకుంటారు.

మడ్డి చేసే మేలు ఒకటి కాదు. అది గాలిలోని ఆక్సిజన్‌ను తాను పీల్చుకుని వైన్ పాడవకుండా కాపాడుతుంది. ఈస్ట్ కణాలు మెల్లగా విచ్చిపోతూ తమలోని పదార్థాలను వైన్‌లోకి వదులుతాయి. దానితో పులుపు పదును తగ్గి నాలుకకు నునుపుగా తగులుతుంది, పులిసిన రొట్టెపిండి వాసన లీలగా తోస్తుంది. తొట్టి మార్చకపోవడం వల్ల పులియబెట్టినప్పటి వాయువు కొంత లోపలే నిలిచి, తాగేటప్పుడు నాలుక మీద సన్నగా చురుక్కుమంటుంది. సుర్ లీ అని చీటీ వేయాలంటే కోత తరవాతి ఏడు మార్చి 1 కంటే ముందు సీసాలకు పట్టకూడదన్నది నియమం.

ఈ వైన్ అసలు విలువ భోజనం దగ్గరే తెలుస్తుంది. అట్లాంటిక్ తీరంలో పచ్చిగా తినే ఆయిస్టర్లకు మస్కడేను మించిన తోడు లేదు. చేప మీద నిమ్మకాయ ఏ పని చేస్తుందో ఆయిస్టర్‌కు దీని పులుపు అదే పని చేస్తుంది. వైన్‌లోని ఉప్పదనమూ సముద్రపు ఉప్పూ ఒకదానికొకటి అడ్డురావు. ఓక్ పీపాల వాసనో పండ్ల తీపో ఎక్కువగా ఉన్న వైన్ అయితే ఆయిస్టర్ రుచిని మింగేస్తుంది. ఉడికించిన మసెల్స్‌కూ, నిప్పుల మీద కాల్చిన సార్డీన్ చేపలకూ ఇది అలాగే కుదురుతుంది. నాంత్ ప్రాంతానిదే అయిన ‘బ్యోర్ బ్లాం’ సాస్ సంగతి వేరు. చిన్న ఉల్లిపాయలను వైన్‌లోనూ వెనిగర్‌లోనూ ఇగరబెట్టి, వెన్న కలిపి చేసే ఆ సాస్‌ను నదిచేపల మీద పోస్తారు. అంత వెన్న జిడ్డును కడిగేసి తరవాతి ముద్దకు నోటిని సిద్ధం చేసేది ఈ వైన్ పులుపే. మాంసపు కూరలకు, ఘాటు మసాలాలకు మాత్రం ఇది నిలవదు.

చవకైన వైన్ కదా అని మస్కడేను చాలాకాలం చిన్నచూపు చూశారు. అది న్యాయం కాదు. 2011లో క్లిసోం, గోర్జ్, ల పాలె గ్రామాల పేర్లతో అమ్మే వైన్‌లకు ప్రత్యేక గుర్తింపు వచ్చింది. వాటిని ఏడాదిన్నర, రెండేళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కాలం మడ్డి మీదే ఉంచుతారు. అవి సీసాలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. రోజువారీ మస్కడేను మాత్రం తాజాగా, 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో తాగాలి. అంతకన్నా చల్లబరిస్తే పులుపొక్కటే తెలుస్తుంది, మడ్డి ఇచ్చిన నునుపు నాలుకకు అందదు.