పాటలో పండిన చెలక

1945 మార్చిలో టోక్యో మీద కురిసిన బాంబుల నిప్పులో నమికి మిచికో తల్లి చనిపోయింది. యుద్ధంలో ఓడి బూడిద మిగిలిన ఆ దేశంలో, అదే ఏడాది అక్టోబరులో విడుదలైన సినిమాకు మిచికో ఆపిల్ పండు మీద పాట పాడింది. రాసింది సాతో హచిరో. యుద్ధం ఊసుగానీ, మంచి రోజులొస్తాయన్న హామీగానీ అందులో లేవు. ఎర్రటి పండు, నీలాకాశం, ఓ అమ్మాయి మనసు, అంతే. తిండికి అల్లాడుతున్న జనం ఆ పాటను గుండెకు హత్తుకున్నారు.

పాలమూరు పాట వింటుంటే నాకు ఆ ఆపిల్ గుర్తొస్తుంది. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర పారే గద్వాల నడిగడ్డ నుంచి, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల నుంచి జనం గుంపు మేస్త్రీల వెంట దేశమంతా మట్టిపనికి పోయారు. ఇండ్లకు తాళాలు పడ్డాయి. అరుగుల మీద ముసలివాళ్లు మిగిలారు.

తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న ఆ ఖాళీకి గొంతిచ్చాడు. 2002లో 'కుబుసం' సినిమాతో ఊరూరా పాకిన ఆయన పాట పల్లె కన్నీటిని చెబుతూ కుమ్మరి వామి దగ్గర, కమ్మరి కొలిమి దగ్గర, సాలె మగ్గం దగ్గర ఆగి ఆగి నడుస్తుంది. ఏడుపు పాటే. అయినా ఏది పోయిందో పేరుపేరునా లెక్క చెప్పింది కాబట్టే, అడిగి తెచ్చుకోవాలన్న తెగువ విన్నవాళ్లకు పుట్టింది. తెలంగాణ ఉద్యమం ఆ పాటను ఊరికే ఎత్తుకోలేదు. తర్వాత ఆయన వాగుల్నీ పిట్టల్నీ పూతల్నీ అంతే శ్రద్ధగా పాడాడు. ఆయన కవితల పుస్తకం 'వల్లంకి తాళం'కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినప్పుడు నా ఇంటి పండుగే అనుకున్నాను.

పాట రాసే పిల్లలు నాకు చూపించే కాగితాల్లో ఆశ, వెలుగు, ఉదయం అన్న మాటలు నిండా ఉంటాయి. అవి తీసేసి చూడండని, వాటి బదులు కళ్లముందున్నది రాయండని బతిమాలుతాను. కల్వకుర్తి, నెట్టెంపాడు ఎత్తిపోతలతో కృష్ణ నీళ్లు కొన్ని చెలకలకు ఎక్కాయి. వలసపోయి తిరిగొచ్చిన ఇంటివాళ్లు తాళం తీశాక మొదట ఏం చేశారు? పాత మిద్దె మీద ఏ మట్టి కప్పారు? తొలి కారు ఏ విత్తనం వేశారు? పాటలో నాకు ఆ విత్తనం పేరు కావాలి, ఆ చెలక పేరు కావాలి.