షిఫ్ట్ మారే పది నిమిషాలు

టీమ్‌లకు కోచింగ్ ఇవ్వమని ఏ కంపెనీ పిలిచినా, షిఫ్ట్ మారే వేళకు వచ్చి ఒక పక్కన నిలబడతానని ముందే అడుగుతాను. టీమ్ సంగతి తెలిసేది అక్కడే. రిసార్టుకు తీసుకెళ్లి ఆటలు ఆడిస్తే ఆ రోజు అందరూ సంతోషంగానే ఉంటారు. కానీ పని చెడబోతున్నప్పుడు దాన్ని మొదట గమనించినవాడు నోరు విప్పుతాడా? విప్పితే అతని గతేమిటి? జట్టు గట్టిదో కాదో ఈ రెండు ప్రశ్నలే తేలుస్తాయి. నా పనంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఒక బల్క్ డ్రగ్స్ యూనిట్‌లో చూసింది చెబుతాను. నైట్ షిఫ్ట్ వాళ్లు దిగుతున్నారు, పగటి వాళ్లు ఎక్కుతున్నారు. సూపర్‌వైజర్ లాగ్‌బుక్ తిప్పుతూ, తలెత్తకుండానే "ప్రాబ్లమ్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. "ఏం లేవు సార్" అన్నారు అందరూ. హ్యాండోవర్ అయిపోయింది. ఉన్నాయంటే కంపెనీ బస్సు తప్పుతుంది, రిపోర్టు రాయాలి, తప్పెవరిదో తేలేదాకా తల వంచుకుని నిలబడాలి. అలాంటప్పుడు "లేవు" అనకుండా ఎవరుంటారు?

ఆ సూపర్‌వైజర్‌తో విడిగా కూర్చుని మాట్లాడాను. అనుభవం ఉన్న మనిషి, ఇట్టే అర్థం చేసుకున్నారు. మర్నాడు లాగ్‌బుక్ మూసి పక్కన పెట్టి, "రాత్రి మీకు అనుమానం తగిలిందేమిటి?" అని అడిగి ఆగారు. ఎవరూ మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. చివరికి వెనక వరుసలో ఉన్న కుర్రాడు, "మూడో రియాక్టర్ గేర్‌బాక్స్ సౌండ్ కొంచెం మారినట్టుంది సార్. గట్టిగా చెప్పలేను" అన్నాడు.

"చెప్పి మంచి పని చేశావు బాబూ. ఎన్నింటప్పుడు విన్నావు?" అని అడిగి, అక్కడికక్కడే మెయింటెనెన్స్‌కి ఫోన్ చేసి, కుర్రాడు అన్న మాటను అన్నట్టే లాగ్‌బుక్‌లో రాశారు. మిగతావాళ్లంతా అప్పుడు ఆయన ముఖమే చూస్తున్నారు. గేర్‌బాక్స్‌లో లోపం దొరుకుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. అనుమానం బయటపెట్టినవాడికి చీవాట్లు పడలేదన్నది వాళ్లు కళ్లారా చూశారు. తర్వాతి రోజుల్లో ఇంకొందరు నోరు విప్పడానికి అదే కారణం.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించి 1996లో ఒక వ్యాసం ప్రచురించారు. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెడితే, లెక్కల్లో వాటిలోనే ఎక్కువ కనిపించాయి. ఆరా తీస్తే, ఆ వార్డుల్లో నర్సులు భయపడకుండా పొరపాట్లను బయటపెడుతున్నారనిపించింది. మిగతాచోట్ల అవి కాగితం మీదికే రావడం లేదు. ఈ సంగతి ప్రతి మేనేజర్‌కూ చెబుతాను. కోచింగ్ మొదలైన కొత్తలో ఫిర్యాదుల సంఖ్య పెరిగితే కంగారు పడొద్దు. అప్పటిదాకా దాగినవి బయటికి వస్తున్నాయేమో ముందు చూడండి.

అయితే కోచింగ్‌తో అన్నీ చక్కబడతాయని నేనెప్పుడూ చెప్పను. రూత్ వేజ్‌మన్ అనే పరిశోధకురాలు జిరాక్స్ కంపెనీలో 43 సర్వీస్ టీమ్‌లను పరిశీలించి 2001లో తన ఫలితాలు వెలువరించారు. టీమ్‌ను ఎలా కూర్చారన్నదే పనితీరును ఎక్కువగా నిర్ణయించిందని తేలింది. చక్కగా కూర్చిన టీమ్‌లకు మంచి కోచింగ్ బాగా కలిసొచ్చింది. కూర్పు బాగాలేని చోట దాని వల్ల పెద్దగా ఒరిగింది లేదు. అందుకే ఆరుగురి పని నలుగురితో చేయిస్తున్న చోట, కలిసి పని చేయమంటూ ఇన్సెంటివ్ మాత్రం ఒక్కొక్కరికీ విడివిడిగా లెక్కగట్టే చోట, ముందు వాటిని సరిచేయమని అడుగుతాను. మనుషులు చాలక కుంగుతున్న జట్టుకు మనోధైర్యం బోధించడం అన్యాయం.

ఎప్పుడు మాట్లాడాలన్నది కూడా ఈ పనిలో సగం నేర్పు. వేజ్‌మన్, రిచర్డ్ హాక్‌మన్ అనే మరో పరిశోధకుడు కలిసి 2005లో రాసిన వ్యాసం నాకు దారి చూపింది. పని మొదట్లో ఉత్సాహం, బాధ్యతల మాట. సగం దారిలో పద్ధతి మార్చాలా అన్న చర్చ. పని ముగిశాక ఏం నేర్చుకున్నామన్న సమీక్ష. నడుమ, చేతి నిండా పని ఉన్నప్పుడు కోచ్ పక్కకు తప్పుకోవడమే మేలు.

మన దగ్గర ఎక్కువగా ఎగిరిపోయేది మూడోదైన ఈ సమీక్షే. బ్యాచ్ పాడైతే విచారణ పెడతాం, బాగా వస్తే మిఠాయి పంచుతాం. రెండుసార్లూ జట్టు కూర్చుని "ఏమనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎక్కడొచ్చింది" అని మాట్లాడుకోదు. ఇలా మాట్లాడుకోవడం అలవాటైన జట్టు దెబ్బ తిన్నా త్వరగా లేస్తుంది. ఒకరి తప్పును అందరి అనుభవంగా మార్చుకోవడం దానికి ముందే వచ్చు.

మీ కింద నలుగురు పని చేస్తుంటే, కోచ్ కోసం ఎదురుచూడకండి. రేపు షిఫ్ట్ మారేటప్పుడు అనుమానాలేమిటని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. చెప్పినవాళ్లకు అందరి ముందూ థాంక్స్ చెప్పి, ఆ అనుమానం మీద ఏం చేశారో మర్నాడు మళ్లీ అందరి ముందే చెప్పండి. ఈ చివరిది మానేస్తే, వారం తిరక్కుండా మళ్లీ "ఏం లేవు సార్" అనే వినిపిస్తుంది.