రేవు బొమ్మల్లో మనిషి ఎక్కడ?

పోర్ట్ లూయిస్ రేవుకు కాగితము, పెన్సిలు పట్టుకొని వెళ్ళినవారు నీటిని గీస్తారు, ఓడను గీస్తారు, వెనుకనున్న కొండలను గీస్తారు. పనిచేసే మనిషి మాత్రం చుక్కంత అయిపోతాడు. ఈ లోపము మనవారిది మాత్రమే కాదు.

విస్లర్ అనే అమెరికా చిత్రకారుడు 1859లో లండనులో, థేమ్స్ నది ఒడ్డున నావికులు, కూలీలు ఉండే పేటలో బస చేసి, ఆ రేవులను రాగి రేకు మీద సూదితో నేరుగా గీశాడు. అచ్చు తీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి, అతడు లెక్కచేయలేదు. వాటిలో ‘బ్లాక్ లయన్ వార్ఫ్’ అనే బొమ్మను చూడండి. అవతలి గట్టు గిడ్డంగుల పలకలు, కిటికీలు లెక్కపెట్టవచ్చును. అంతకుముందు అమెరికా ప్రభుత్వ కార్యాలయంలో తీరపటాలు చెక్కిన చేయి అది. ముందు కూర్చున్న మనిషికి మాత్రం కొద్ది వదులు గీతలే దక్కాయి. అతడు ఊరకే కూర్చున్నాడు. మెచ్చవలసిన బొమ్మే. అయినా ఆ గిడ్డంగులకు సరుకు ఎవరి వీపు మీద వెళ్ళిందో అది చెప్పదు.

అదే 1859లో మన రేవులో భారతదేశపు కూలీలు వేలాదిగా దిగుతున్నారు. వారు మూట ఎత్తుకొన్న తీరును వారిలో ఒకరు గీసిన బొమ్మ నేను చూడలేదు. పోనీ, అది పాత మాట. 1980లో చక్కెరను బస్తాలు లేకుండా ఓడకెక్కించే టెర్మినల్ వచ్చింది; బస్తాలు భుజాన మోసే డాకర్ల పని పోయింది. ఆ నడకను చిన్నతనంలో చూచినవారు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. గీసినవారు ఎందరు?

కదిలే మనిషిని గీయలేమని పిల్లలంటారు. కాని రేవు పని మరల మరల వచ్చే పని. పెట్టె ఎత్తినవాడు మరల వంగుతాడు, అదే చోట కాలు ఊనుతాడు. మొదటిసారి వెన్ను, రెండవసారి మోకాలు, మూడవసారి చేతులు గీయాలి. పది పెట్టెలు దిగేలోపున మనిషి కాగితం మీద నిలుస్తాడు.

మా తరగతి పిల్లలు త్రూ ఫాంఫరాన్ చేపల రేవులో గీసిన బొమ్మలలో పడవలవే ఎక్కువ, అందులో కొన్ని చక్కనివి. నాకు నచ్చినది వేరు. ఒక అమ్మాయి పెట్టె ఎత్తే జాలరిని గీసింది. ముఖము లేదు, పడవ సగమే ఉంది. అతడు వచ్చి చూచి, కాళ్ళు ఇంత దగ్గరగా ఉంటే పడిపోతానని క్రియోలులో నవ్వుతూ చెప్పి, మరల పెట్టె ఎత్తి చూపాడట. ఆమె పాత గీతలు చెరపలేదు. బొమ్మలో ఆ మనిషికి నాలుగు కాళ్ళున్నాయి.